బూజు పట్టని సీసాలు

రాధాబాయి మోచేతుల దాకా స్పిరిట్ రాసుకుని, గాలి హోరుమనే గాజు పెట్టె ముందు కూర్చుంది. దీపం మంటలో పట్టకారు కాల్చి, చల్లారనిచ్చి, పసుపు దుంప నుంచి కోసిన గోరంత పిలకను ఎత్తి సీసాలోకి దించింది. మూత బిగించాక గానీ ఊపిరి వదల్లేదు.

జనగామ శివారులో, సీసాల్లో మొక్కలు పెంచే ఆ ల్యాబ్ నుంచి ఎన్ని అరటి మొక్కలు ఆమె చేతుల మీదుగా పొలాలకు వెళ్లాయో లెక్క లేదు. ఈ పసుపు మాత్రం ఏడిపించింది. మహదేవపూర్ దగ్గర లచ్చమ్మ చేనులో దుంపకుళ్లు తినగా మిగిలిన పాత రకం అది. మట్టిలో పెరిగిన దుంప గనుక బూజు దాని లోపలే దాక్కుని వచ్చేది. రెండు రోజులు తిరక్కుండానే సీసా నిండా తెల్లటి దూది పరుచుకునేది. పిలకను నానబెట్టే నీళ్లలో మందు ఎక్కువ కలిపితే బూజుతోపాటు పిలకా నల్లబడి చచ్చేది. ల్యాబ్ నడిపే శ్వేత మందు తగ్గించి, పిలకను ఇంకా చిన్నగా కోసి, ఎక్కువసేపు నానబెట్టమంది. అంత సన్నటి కోతకు రాధాబాయి చేతులే నిలిచాయి. ఆ సంగతి ఆమెకూ తెలుసు.

ఆ చేతులే వానాకాలం నుంచి సన్నగా వణుకుతున్నాయి. ఎవరూ గమనించలేదు. తనే వెళ్లి చెప్పింది.

"నా చెయ్యి ఒక్క సీసా ఖరాబ్ చెయ్యకముందే పోత, శ్వేతమ్మా. జర ఈ పసుపు ఒడ్డున పడనియ్యి."

"వేరే పని ఇస్త రాధక్కా."

"వద్దు. ఇంకొకలు కోస్తుంటే చూసుకుంట కూసునుడు నాతోని కాదు."

ఇవాళే ఆఖరు. మణికట్టును బల్లకు ఆనించి చివరి పిలకనూ దించింది.

మధ్యాహ్నం లచ్చమ్మ వచ్చింది. అద్దం అవతల, దీపాల కింద మునుపటి సీసాలు బారులు తీరి ఉన్నాయి. బూజు కనిపించిన ఒక్కదాన్ని పొద్దున్నే ఏరేశారు. మిగతావన్నీ తేటగా, లోపల పచ్చటి ఆకులతో, తెల్లటి వేళ్లతో.

"గిది నా పసుపేనా బిడ్డా? గింతనే ఉన్నదేంది?"

"నీదే అవ్వా. బూజుకు చిక్కలే, మందుకు చావలే. వచ్చే వానలకు నీ చేన్ల ఉంటది."

లచ్చమ్మ ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "వణుకుతున్నవేంది? సలి పెడుతున్నదా?"

"లేదవ్వా," రాధాబాయి నవ్వింది. "పని చేసిన చేతులు గట్లనే ఉంటయి."

సన్మానానికి ఒప్పుకోలేదు. శ్వేత గేటు దాకా వచ్చి సాగనంపింది. రాధాబాయి తల ఎత్తుకుని మహబూబాబాద్ బస్సెక్కి తండాకు వెళ్లిపోయింది.

బట్టలు మార్చుకునే గదిలో, కొక్కేనికి ఆమె నీలి గుడ్డ టోపీ వేలాడుతోంది, కొప్పు దగ్గరి ఉబ్బు ఇంకా అణగకుండా.