వంటింట్లో ఎర్రబల్బు

జనగామలో వడ్ల వ్యాపారం చేసే జగపతి పాత ఫియట్ కారు కొన్నాక, దానికోసం ఇంటి పక్కన రేకుల షెడ్డు కట్టించాడు. సాయంత్రం చిల్పూరు వైపు ఊళ్లు తిరిగొచ్చి హారన్ కొడితే, భార్య సరోజన వచ్చి షెడ్డు తలుపు తీసేది. నాలుగేళ్లుగా అదే వాడుక.

ఎనభై ఆరు వానాకాలంలో ఆ హారన్ ఆమెకు వినబడటం మానేసింది. మొదట వాన చప్పుడనుకుంది. తర్వాత పాలామె పిలుపూ అందలేదు. చెవులు పోతున్నాయని అర్థమైంది గానీ, నలభై ఐదేళ్లకే ఇట్లా అయ్యానని చెప్పుకోవడానికి నోరు రాలేదు. పొద్దుగూకే వేళకు బియ్యం చాట పట్టుకుని వాకిట్లో కూర్చునేది. కారు కంటబడగానే లేచేది.

ఒకనాడు పొయ్యి మీద పాలుండి కదల్లేకపోయింది. దించి బయటికొచ్చేసరికి షెడ్డు తలుపు దానంతటదే పక్కకు జరుగుతోంది. కారు లోపలికి వెళ్లింది. రేడియోలు బాగుచేసే ఆమె తమ్ముడు జనార్దన్ స్క్రూడ్రైవరు పట్టుకుని నవ్వుతూ నిలబడ్డాడు.

"బొంబాయి బొమ్మకారు రిమోటక్కా!" అని గట్టిగా అరిచాడు. "మీట బావ స్టీరింగు కింద పెట్టిన. దాని మాటినే పెట్టె గడియకు కట్టిన. గడియ ఊడంగనే ఇసుక బస్తా తలుపును గుంజుతది. నిన్న దుకాణంల రెండింటికి సుతి కలిపేసరికి పొద్దంతా పట్టింది."

సరోజన నవ్వలేదు. భర్త దగ్గరికి వెళ్లింది.

"నేనొచ్చి తీస్తలేనా? గిదెందుకు?"

జగపతి ఆమె చెవి దగ్గరికి వంగాడు. "రోజూ వాకిట్ల కావలి కూసుంటున్నవ్. ఎందుకో నాకెర్కనే సరోజనా. అడిగితే బాధపడ్తవని అడగలే."

నెలల తరబడి దాచింది అతనికి ఎప్పుడో తెలుసు. ఆమెకు సిగ్గేసింది, కళ్లు నిండాయి, మరుక్షణం గుండె మీంచి ఏదో దిగిపోయింది.

"తలుపు తీసుడు నాకు బరువు గాదు. మీరొచ్చింది తెలుస్తలేదు, గదే బాధ. తమ్మీ, గా పెట్టె వంటింట్ల పెట్టరాదా? బావ మీట ఒత్తితే బల్బన్న ఎలగాలె."

మర్నాడు ఉదయమే జనార్దన్ ఇసుక బస్తా విప్పేశాడు. పెట్టె పొయ్యి పైనున్న గూట్లోకి వచ్చింది. జగపతి కారు షెడ్డు ముందు నిలిపి మీట నొక్కాడు. రెండుసార్లు ఏమీ కాలేదు. జనార్దన్ పెట్టెలోని మర కొంచెం కొంచెం తిప్పుతూ పోతే మూడోసారి ఎర్రగా వెలిగింది. సరోజన చేతులు కొంగుకు తుడుచుకుంటూ పరుగున వెళ్లి తలుపు తీసింది.

"వచ్చిన్రా?" అంది, అతను అప్పుడే ఊరి నుంచి దిగినట్టు.

"వచ్చిన," అన్నాడు జగపతి.

వారం తిరగకుండా ఇద్దరూ హనుమకొండలో చెవుల దవాఖానకు బయలుదేరారు. స్టేషన్ ఘన్‌పూర్ దాటుతుండగా జగపతి ఏదో అన్నాడు.

"ఇనబడలే. మళ్ల చెప్పుండ్రి," అంది సరోజన. అలా అడగడం అదే మొదటిసారి.

జగపతి కారు పక్కకు ఆపి, ఆమె వైపు తిరిగాడు.

"చాయ్ తాగుదమా అని అన్న."