తాళాలు ఎవరిచ్చారు?

మా తమ్ముడు హరీష్‌కు ట్రాక్టర్ నడపడం రాదు. మా ఊళ్లో ఎవర్ని అడిగినా చెబుతారు. అయినా ఆ రోజు వనపర్తిలో జువెనైల్ బోర్డు ముందు నిలబడి "నేనే నడిపిన" అని చెప్పడానికి వాణ్ణి తీసుకుపోతున్నాం. అదీ ఎవరి బండిలో? నిజంగా నడిపినవాడి తండ్రి బొలేరోలో. స్టీరింగ్ ముందు కొడుకు రంజిత్, పక్కన తండ్రి రామన్న పటేలు. వెనక సీట్లో మా నాయిన బక్కయ్య, నేను, మా మధ్యలో నోరు లేని మేకపిల్లలా హరీష్.

జరిగింది చిన్న విషయం కాదు. పాన్‌గల్ రోడ్డు మలుపులో రంజిత్ ఫోను చూసుకుంటూ వాళ్ల ట్రాక్టర్ తోలుతూ, ముందు పోతున్న సైకిల్‌ను గుద్దాడు. సైకిల్ మీద ఉన్నది సుభాన్ చాచా. ఐసు డబ్బా కట్టుకుని మా ఊళ్లన్నీ తిరిగే మనిషి. తొడ ఎముక విరిగింది. వెనక నుంచి తగిలింది కాబట్టి ఎవరు నడిపారో ఆయన చూడలేదు. ట్రాలీలో ఎరువు బస్తాల మీద కూర్చున్న హరీష్ ఒక్కడే చూశాడు. రంజిత్ దిగి చేన్లకు అడ్డంపడి పారిపోయాడు. వీడు పారిపోలేదు. చాచా తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. జనం వచ్చేసరికి ట్రాక్టర్ దగ్గర ఉన్నది వీడొక్కడే. మంచితనానికి మావాడికి దక్కిన బహుమానం అది.

ఆ సాయంత్రమే పటేలు మా ఇంటికొచ్చాడు. ఎన్నడూ మా గడప తొక్కని మనిషి మంచం మీద కూర్చుని చాయ్ కూడా తాగాడు.

"రంజిత్ పోలీసు పరీక్ష పాసైండు బక్కయ్యా. కేసు పడితే వాని బతుకు ఆగమైతది. నీ పోరనికి పదహారేండ్లు. చిన్నపిల్లలకు కేసేంది? జర మందలించి ఇడిసిపెడ్తరు. నీ కౌలు యాడికి పోదు, ఐదేండ్లకు రాసిస్త."

మేం చేసేది ఆయన భూమే. అది పోతే నాయిన మళ్లీ బొంబాయి మట్టిపనికి పోవాలి. నాయిన ఒక్క షరతు పెట్టాడు.

"అడగకుంట బండి తీస్కపోయిండని మాత్రం రాయించకు పటేలా. నా కొడుకును దొంగ అనొద్దు."

మా దగ్గర కాలు విరగ్గొట్టినవాడికైనా పిల్లనిస్తారు గానీ దొంగ అనిపించుకున్నవాడికి నీళ్లు కూడా పొయ్యరు. పటేలు నవ్వేశాడు. "గంతేనా? తాళాలు నేనే ఇచ్చిననని చెప్త తియ్యి" అన్నాడు. ఠాణాలో అలాగే చెప్పి సంతకం కూడా చేశాడు. పామూ చావలేదు, కర్రా విరగలేదని ఇద్దరూ నిమ్మళపడ్డారు.

నేను గొడవ చేశాను. అన్నం మానేశాను. నా కోపాన్ని ఎవరూ లెక్కచేయలేదు. అమ్మ ఉంటే ఏం చేసేదో గానీ, నా మాట ఆ ఇంట్లో గోడలకే వినిపించింది. హరీష్ కూడా, "భూమి పోతే ఎట్లక్కా? ఒక్కమాటే గద, చెప్పొస్త" అన్నాడు.

బొలేరోలో పటేలు వాడికి పద్యం నేర్పినట్టు నేర్పుతున్నాడు.

"ఎవరు నడిపిండ్రంటే?"

"నేనే నడిపిన."

"ఇంకేమడిగినా?"

"తెల్వదు."

"శభాష్."

ఆ శభాష్ విన్నప్పుడు డోరు తీసి ఆయన్ని రోడ్డు మీదికి తోసేయాలనిపించింది.

బోర్డు అంటే బోనూ, నల్లకోట్లూ ఉంటాయనుకున్నాను. మామూలు గది, పొడవాటి బల్ల, కుర్చీలు. పోలీసులు కూడా యూనిఫాం లేకుండా వచ్చారు, పిల్లలు బెదిరిపోకూడదట. రంజిత్ బండిలోనే ఉండిపోయాడు. వరండాలో ప్రొబేషన్ ఆఫీసర్ విజయమ్మ మేడమ్ నన్ను పక్కకు పిలిచింది. అంతకుముందు మా ఇంటికి వచ్చి హరీష్‌తో మాట్లాడిపోయిన మనిషే.

"మీ తమ్ముడు ఆర్టీసీ డ్రైవరైత అన్నడు నాతోని. ఇగ కష్టమేనమ్మా. మైనర్ బండి నడిపిండని తేలితే ఇరవై అయిదేండ్లు నిండేదాకా లైసెన్స్ రాదు."

"మందలించి ఇడిసిపెడ్తరంట గద మేడమ్?"

"పిల్లలను జైల్ల వెయ్యరు, నిజమే. అసలు శిక్ష బండిచ్చినోళ్లకు. మూడేండ్ల దాకా పడొచ్చు. అడగకుంట తీస్కపోయిండని రుజువైతెనే తప్పించుకుంటరు. పిల్లల చేతికి తాళాలు ఇయ్యకుండ ఉండాలనే గద గా చట్టం."

వరండా చివర పటేలు నాయిన భుజం మీద చెయ్యేసి ఏదో చెబుతున్నాడు. ఈ సంగతి నాయిన చెవిన వేస్తే ఆయన వెంటనే పటేలుకు చెప్పేస్తాడు. పటేలు మాట మారుస్తాడు. అప్పుడు మావాడు డ్రైవరే కాదు, దొంగ కూడా అవుతాడు. చెప్పకుండా ఊరుకుంటే, లోపల హరీష్ నోటి నుంచి ఆ మాట వచ్చేస్తుంది. ఇంతలో లోపలి నుంచి పిలుపొచ్చింది.

బండి యజమానిగా పటేలును కూడా మాతోపాటు కూర్చోబెట్టారు. మధ్యలో ఉన్న మెజిస్ట్రేట్ మేడమ్ హరీష్‌కు మంచినీళ్లు ఇప్పించి, "భయపడకు బాబూ. ఆ రోజు ట్రాక్టర్ ఎవరు నడిపారు?" అని అడిగింది.

"నేనే నడిపిన."

మేడమ్ పటేలు వైపు తిరిగింది. "తాళాలు మీరే ఇచ్చారా?"

"నేనే ఇచ్చిన మేడమ్. మంచి పిల్లగాడు. పని నేర్చుకుంటడని ఎప్పుడూ ఇస్తనే ఉంట" అన్నాడు పటేలు, పుణ్యం మూటగట్టుకుంటున్నట్టు.

నాకు కావలసింది అదే. లేచి నిలబడ్డాను.

"మేడమ్, చిన్నపిల్లలకు బండిస్తే, ఇచ్చినోళ్లకు మూడేండ్ల జైలంట. నిజమేనా?"

"నిజమే. మూడేళ్ల వరకు" అంది మేడమ్. పటేలు వైపు చూసి, "మీ మీద కేసు కట్టమని ఇప్పుడే పోలీసులకు రాస్తున్నాం" అంది.

పటేలు రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. "గట్ల కాదు మేడమ్! నేనియ్యలే. వాడే అడగకుంట తీస్కపోయిండు!"

నాయిన కుర్చీలోంచి లేచాడు. పటేలు ముందు ఎన్నడూ తలెత్తని మనిషి. "పటేలా! ఏమన్నవ్? దొంగంటవా నా కొడుకును?"

"మరి ఠాణాలో సంతకం ఎవరిది? ఇప్పుడు మాముందు చెప్పిందేమిటి?" అంది మేడమ్.

అడకత్తెరలో పోకచెక్క అంటారే, అలా ఇరుక్కున్నాడు పటేలు. తలుపు వైపు చూశాడు. బయట బొలేరోలో రంజిత్ పాటలు పెట్టుకున్నాడు, ఆ చప్పుడు లోపలికి వినిపిస్తోంది. ఆయన మీద నాకు ఎంత కోపమున్నా సరే, కొడుకు కోసం ఇంత దూరం వచ్చినవాడు జైలుకైనా పోతాడనే అనుకున్నాను.

"ఈ పోరనికి ట్రాక్టర్ నడపరాదు మేడమ్" అన్నాడు పటేలు. "నడిపింది నా కొడుకు రంజిత్. బయటనే ఉన్నడు. పిలిపిస్త."

మేడమ్ కలం కింద పెట్టి హరీష్‌ను అడిగింది. "నిజమేనా బాబూ?"

వాడు తలూపాడు. కళ్లలోంచి నీళ్లు జలజలా రాలాయి.

"మరి నువ్వే అని ఎందుకు చెప్పావు?"

"నాయిన చెప్పమన్నడు."

విజయమ్మ మేడమ్ రంజిత్ కోసం బయటికి వెళ్లింది. పోలీసులు పటేలును పక్క గదికి తీసుకుపోయారు. నాకు ఎగిరి గంతేయాలని ఉంది. తమ్ముడు బయటపడ్డాడు, అంతకంటే నాకేం కావాలి?

"బాబును ఇవాళే ఇంటికి పంపిస్తాం. కేసు సంగతి తేలేదాకా ఒకరు పూచీ ఉండాలి" అంది మేడమ్.

నాయిన గబగబా ముందుకొచ్చాడు. "నేనున్న మేడమ్. తండ్రిని." హరీష్ భుజం కోసం చెయ్యి చాపాడు. "దా బిడ్డా."

మేడమ్ ఆయన్ని చూసింది, తర్వాత వాణ్ణి చూసింది. "నువ్వు చెప్పు. ఎవరితో వెళ్తావు?"

హరీష్ కుర్చీ నా వైపు జరుపుకున్నాడు.

"అక్కతోని పోత."

నాయిన చాపిన చెయ్యి కాసేపు అలాగే ఉండిపోయింది. తర్వాత దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తువ్వాలు సర్దుకున్నాడు. మేడమ్ నా ముందుకు పూచీ కాగితం జరిపింది. అన్ని రోజులు నాయిన మీద పళ్లు నూరినదాన్ని, అప్పుడు మాత్రం తల ఎత్తి ఆయన ముఖం చూడలేకపోయాను. ఎక్కడ సంతకం పెట్టాలో రెండుసార్లు అడగాల్సి వచ్చింది.