కమాను లేపిన చెయ్యి

నాకు అనుమానం ఎక్కువని మా ఆయన అంటాడు. అననీయండి. పాలలో నీళ్ళున్నా, మాటలో తేడా ఉన్నా నేను ఇట్టే పట్టేస్తాను. ఇరవై ఆరేళ్ళుగా ఈ ఇంట్లో ఒక్క చెంచా కూడా పోలేదంటే అది నా అనుమానం చలవే.

అందుకే ఆ సోమవారం ఉదయం షెడ్డు తలుపు తీయగానే, ట్రాక్టర్ మీద ఎవరో చెయ్యి వేశారని నాకు తెలిసిపోయింది.

ట్రాక్టర్ కొత్తది. చిన్నది కూడా. నిమ్మచెట్ల వరసల మధ్య దూరి గడ్డి కోసేంత చిన్నది. మా ఆయనకి మోకాలు అరిగిపోయింది, క్లచ్ తొక్కలేడు. మా మరిది తెల్లారేసరికి వ్యాను వేసుకుని లోడ్లకి వెళ్ళిపోతాడు. ఇక మిగిలింది నేనూ, నా తోడికోడలూ. కంపెనీవాళ్ళు నేర్పడానికి ఒక మనిషిని పంపారు. ఎండ ఉన్నా లేకపోయినా టోపీ తియ్యడు గనక టోపీ మాస్టారని నేనే పేరు పెట్టాను. శనివారం వచ్చి మా ఇద్దరికీ పాఠం చెప్పాడు. పై శనివారం మళ్ళీ వచ్చి పరీక్ష పెడతాననీ, బాగా తోలినవాళ్ళ పేరు కాయితం మీద రాసిస్తాననీ అన్నాడు. ఒక్కరి పేరే.

ఆ కాయితం నాకు కావాలి. యాభై రెండేళ్ళ వయసులో ఇదేం ఆశ అంటారేమో, అనుకోండి. పెళ్ళయినప్పటి నుంచీ ఈ ఇంట్లో చక్రాలున్న ప్రతి దాంట్లోనూ నేను వెనకే కూర్చున్నాను. మొదటిసారి తాళంచెవి నా చేతికొచ్చింది. ఆ రోజంతా దాన్ని గుప్పిట్లోంచి వదల్లేదు. అన్నం కూడా ఎడమచేత్తో వడ్డించాను.

మాస్టారు చెప్పినవన్నీ నాకు గుర్తే. కుడి, ఎడమ చక్రాల బ్రేకు పెడళ్ళు రెండూ కలిపి బిగించాలి. కాలవగట్టు దగ్గరికి పోకూడదు. ఇక సీటు వెనక నిలువుగా ఒక ఇనపకమాను ఉంది.

"ఇదెందుకు? బట్టలు ఆరేసుకోడానికా?" అన్నాను.

ఆయన నవ్వలేదు. "బండి తిరగబడితే మీకూ నేలకీ మధ్య ఉండేది ఇదొక్కటేనమ్మా. ఇది నిలబడి ఉండాలి, మీరు బెల్టు పెట్టుకుని ఉండాలి. అప్పుడే బతుకుతారు."

చిక్కంతా షెడ్డు తలుపుతో వచ్చింది. ఆ షెడ్డు మా మామగారు కట్టించారు. ఆయన పొట్టి. తలుపు తన ఎత్తుకే పెట్టించుకున్నారు. కమాను నిలబడి ఉంటే పైనున్న అడ్డదూలానికి తగులుతుంది. రెండు పక్కలా పిన్నులు లాగి, కమాను వెనక్కి మడిచి, బండి బయటికి తెచ్చాక దిగి, మళ్ళీ లేపి, పిన్నులు పెట్టాలి. తిరిగొచ్చేటప్పుడూ ఇదే తంతు. రెండోనాడే నాకు విసుగొచ్చింది. మడిచింది మడిచినట్టే వదిలేసి తోలడం మొదలుపెట్టాను. చదునైన తోటలో బండి ఎందుకు తిరగబడుతుంది?

నా తోడికోడలు సంగతి చెప్పాలి. నోట్లో నాలుక లేని మనిషి. శనివారం ఒక్క చుట్టు తోలి దిగిపోయింది. "మీరే నేర్చుకోండి అక్కా" అంది. ఇంకొకరైతే అంతటితో నమ్మేవాళ్ళు. నేను నమ్మలేదు.

సోమవారం చూస్తే, ఆదివారం నేను మడిచి వదిలిన కమాను నిటారుగా నిలబడి ఉంది. మళ్ళీ మడిచాను. మంగళవారం మళ్ళీ నిలబడి ఉంది.

"ఇనపముక్కకి నడుం నొప్పేమో, లేచి నిలబడింది" అన్నాడు మా ఆయన. ఆయనకి అన్నీ వేళాకోళమే.

ఆ మధ్యాహ్నం అన్నాల దగ్గర తోడికోడలు తల ఎత్తకుండా అడిగింది. "ఇవాళ కాలవగట్టు వైపు వెళ్ళారా అక్కా?"

"ఎందుకే?"

"ఊరికే."

ఊరికే ఎవరూ ఏదీ అడగరు. నేను ఎక్కడెక్కడ తిరుగుతున్నానో లెక్క తీస్తోందన్నమాట.

బుధవారం పెరట్లో గిన్నెలు కడుగుతూ ఫోన్లో మాట్లాడుతోంది. కిటికీ ఇవతల నిలబడి విన్నాను. చాటుగా వినడం తప్పే, ఒప్పుకుంటాను. "శనివారం రాగానే మొదట అదే చూడండి మాస్టారూ. నేను చెప్పానని మాత్రం అక్కకి తెలియకూడదు" అంటోంది.

నా ఒళ్ళు భగ్గుమంది. అదీ సంగతి! బండికి ఏదో చేసి, ఆ తప్పు నా నెత్తిన రుద్ది, కాయితం తను కొట్టేద్దామని. పైకి పిల్లిలా ఉండి లోపల ఇంత నడిపిస్తోందా అని పళ్ళు నూరుకున్నాను.

ఆ కోపంలోనే గురువారం ఉదయం షెడ్డులోకి వెళ్ళాను, వెనక్కి చూసుకోకుండా ఎక్కి స్టార్ట్ చేశాను. నేను తలుపు దాటాను. కమాను దాటలేదు. ఢాం! షెడ్డంతా ఊగింది. ఎప్పటి దుమ్మో నెత్తిన పడింది, దుమ్ముతో పాటు ఒక బల్లి ఒళ్ళోకి పడింది. కెవ్వుమని అరిచి క్లచ్ తొక్కేశాను. అది తొక్కాలని గుర్తొచ్చినందుకు ఇప్పటికీ నన్ను నేనే మెచ్చుకుంటాను.

మా ఆయన కుంటుకుంటూ వచ్చాడు. "ఏం కూలింది?"

"మీ తమ్ముడి పెళ్ళాం తెలివితేటలు!"

దిగి చూస్తే కమాను మీద వేలెడు పొడుగున రంగు లేచిపోయింది. ఈసారి పిన్నులు పెట్టి ఊరుకోలేదు. తీగ చుట్టి మెలివేసి మరీ బిగించింది. శనివారం మాస్టారు ఈ గీత చూస్తే నా కాయితం గోవిందా. ఏడుపొచ్చింది. ఏడవకుండా కటింగ్ ప్లేయర్ తెచ్చి తీగ తెంపి, కమాను మడిచేశాను.

భోజనమయ్యాక నేను అరగంట నడుం వాలుస్తానని ఇంట్లో అందరికీ తెలుసు. ఆ రోజు కాసేపు గురక నటించి, దొడ్డిదారిన షెడ్డుకి వెళ్ళి ఎరువు బస్తాల వెనక కూర్చున్నాను. ఆ వాసనకి తుమ్ము వస్తుంటే ముక్కు నొక్కి పట్టుకున్నాను.

వచ్చింది. చెప్పులు బయటే విడిచింది. చేతిలో కొత్త తీగచుట్ట. రెండు చేతులతో కష్టపడి కమాను లేపింది, పిన్నులు దూర్చింది. తర్వాత కమాను పట్టుకుని ముందుకీ వెనక్కీ మూడుసార్లు గట్టిగా ఊపి చూసింది. రంగు లేచిన చోట వేలితో తడిమింది.

"దొరికావే!" అని లేచాను.

తీగచుట్ట చేతిలోంచి జారిపోయింది. పారిపోతుందనుకున్నాను. పోలేదు.

"కాయితం కోసమేగా ఇదంతా? పొద్దున నా తల పగలాల్సింది, తెలుసా?"

"కాయితం నాకొద్దక్కా. తలుపుకి తగులుతుందని తెలుసు. మీరు చూసుకుని ఎక్కుతారనుకున్నాను."

"మరి ఎందుకీ దొంగపని?"

"మీరు మడిచి తోలుతున్నారు."

"తోలితే నీకేం?"

ఆమె బండి చక్రం మీద చెయ్యి ఆనించి నిలబడింది.

"మా అన్నయ్యదీ ఇలాంటి బండే అక్కా. ఇలాంటి షెడ్డే."

ఆమె అన్న బండి ప్రమాదంలో పోయాడని మాకు తెలుసు. రోడ్డు మీద అనుకున్నాం. ఎవరం అడగలేదు.

"వాడు సీట్లో కూర్చుని, పిన్నులు తియ్యవే అన్నాడు. తీసి మడిచాను. బయటికొచ్చాక మళ్ళీ లేపు అన్నాడు. సరేనన్నాను. ఈలోపు పొయ్యి మీద పాలు పొంగుతున్న చప్పుడైంది. లోపలికి పరిగెత్తాను. పాలు దించి వచ్చేసరికి వాడు వెళ్ళిపోయాడు. నేను లేపేశానని వాడు అనుకున్నాడు. వాడే దిగి లేపుకుని ఉంటాడని నేను అనుకున్నాను." వంగి తీగచుట్ట తీసుకుంది. "గట్టు మీద తిరగబడింది. బండికి కమాను ఉండి కూడా ఎలా పోయాడని అందరూ అడిగారు. ఉందక్కా. పడుకుని ఉంది."

బస్తా మీద కూలబడ్డాను.

"నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా?" అన్నాను.

"మడవొద్దంటే మీరు ఇంకో రెండుసార్లు మడుస్తారు. మాస్టారు చెబితే వింటారని ఆయనకి ఫోన్ చేశాను. ఎందుకు మడవకూడదని మీరు అడిగితే ఇదంతా చెప్పాలి. ఎనిమిదేళ్ళయింది. మా ఆయనకే చెప్పలేదు."

ఆమె అన్నది నిజం. మడిచేదాన్నే. పంతం కొద్దీ మడిచేదాన్ని. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. కొంగుతో కళ్ళు తుడుచుకుంటున్న ఆమెని దగ్గరికి తీసుకుని ఓదారుద్దామనుకుంటే, "ఏడుపు ఆపవే ముందు" అని కసురు మాటే వచ్చింది. నా నోరు అంతే. అయినా చెయ్యి మాత్రం ఆమె వీపు మీదే ఉంచాను.

శుక్రవారం వడ్రంగిని పిలిపించాను.

"నాన్న పెట్టించిన తలుపు!" అని మా ఆయన ఒంటికాలి మీద లేచాడు. మోకాలు నొప్పి కూడా మర్చిపోయాడు.

"మీ నాన్నగారికి సరిపోయింది. ఆయన ట్రాక్టర్ తోలలేదు" అన్నాను.

వడ్రంగి దూలాన్ని తట్టి చూశాడు. "ఇది ఏ బరువూ మొయ్యట్లేదమ్మా. వచ్చేపోయేవాళ్ళ తలలు బొప్పి కట్టించడానికి తప్ప ఎందుకూ పనికిరాదు." అతను రంపంతో కోశాడు. దూలం ఒక కొస నేను పట్టుకున్నాను, రెండో కొస నా తోడికోడలు పట్టుకుంది. తలుపు రెండడుగులు పెరిగింది.

శనివారం టోపీ మాస్టారు రాగానే కమానే చూశాడు. తర్వాత గీత చూశాడు, తలుపు చూశాడు, నా మొహం చూశాడు. బెల్టు పెట్టుకుని నాలుగు వరసలు తోలి వచ్చాను. కాయితం మీద నా పేరు రాశాడు.

మరిదికి నేనేమీ చెప్పలేదు. అది ఆమె చెప్పుకోవలసిన మాట.

ఇప్పుడు కమాను మడవాల్సిన అవసరమే లేదు. అయినా ఆమె రోజూ మధ్యాహ్నం చెప్పులు విడిచి షెడ్డులోకి వెళుతుంది. నేను కళ్ళు మూసుకుని గురక నటిస్తాను. కిటికీలోంచి ఇనుము ఊగిన చప్పుడు వినిపిస్తుంది, ఒకటి, రెండు. మూడోది వినిపించాక గానీ నాకు నిజం నిద్ర పట్టదు.