గడ్డం కింది పట్టీ

బాలమల్లు కుడి చెవికి నాలుగు వేళ్ళ పైన, రూపాయి బిళ్ళంత మేర ఎముక లేదు. ఉత్త తోలే. అన్నం నములుతుంటే ఆ తోలు లోపలికీ బయటికీ ఆడుతుంది. కోపం వస్తే దడదడ కొట్టుకుంటుంది. చూడలేక అతని భార్య సాలవ్వ ఆ పక్క జుట్టు పెంచి దువ్వి కప్పింది.

కిందటి వానకాలం లింగంపేట దగ్గరి కల్వర్టు మీద తిర్మల్‌రావు దొర కారు తలకిందులైంది. దొర ఎగిరి వరిమడిలో పడ్డాడు. ఒంటికి బురద అంటింది, అంతే. కారు నడిపే బాలమల్లు కల్వర్టు రాయి మీద పడ్డాడు. పదిహేడు రోజులు దవాఖానాలో ఉన్నాడు. డాక్టరు విరిగిన ముక్కలు ఏరి, కుట్లు వేసి, ఇంటికి పంపే రోజు ఒక్కటే మాట చెప్పాడు. ఆ చోట మళ్ళీ దెబ్బ తగిలితే బతకవు. పెద్ద దెబ్బ కూడా అక్కర్లేదు.

ఇద్దరూ ఎందుకు ఎగిరి పడ్డారంటే ఆ కారుకు టాపు లేదు. కొన్నప్పుడు ఉండేది. మడతపెట్టే గుడ్డ టాపు. దొర దాన్ని ఊడబీకించాడు. టాపు కింద కూర్చుంటే తోవ వెంట మొక్కేవాళ్ళకు తన ముఖం ఎట్లా కనబడుతుందని అడిగాడు. మొక్కుల కోసం టాపు తీశాడు, ఆ మొక్కులకు బాలమల్లు పుర్రె పగిలింది.

ఇంకో సంగతి. దొర ముందర ఎవడూ చెప్పులు తొడగరాదు, నెత్తికి రుమాలు చుట్టరాదు. దొర ఉండే గడి ముందర నుంచి పోయేవాడు చెప్పులు చేతపట్టుకొని, రుమాలు నడుముకు కట్టుకొని పోవాలి. కారు వచ్చినా ఆ కట్టుబాటు మారలేదు. డ్రైవరు దొరకు వీపు చూపించి కూర్చోవడమే పెద్ద తప్పని గడి జవాను దేవన్న రెండు నెలలు గొణిగాడు. వేరే దారి లేక దాన్ని ఒప్పుకున్నారు. చెప్పులకూ రుమాలుకూ మాత్రం ఒప్పుకోలేదు. ఎండకాలంలో కాలే బ్రేకు మీద బాలమల్లు ఉత్త కాలు పెట్టి నడిపేవాడు, ఉత్త నెత్తితో.

దవాఖానా నుంచి వచ్చినాక మహమ్మద్‌నగర్‌లో ఉండే స్వామిదాసు అతనికి ఒక టోపీ ఇచ్చాడు. స్వామిదాసు నిజాంసాగర్ కట్ట కట్టేటప్పుడు ఒక తెల్ల ఇంజనీరుకు వంట చేసినవాడు. ఆ ఇంజనీరు ఫటఫటి మోటారుసైకిలు మీద తిరిగేటప్పుడు పెట్టుకునే టోపీ అది. దెబ్బ ఆపే టోపీ. గుడ్డ మీద లక్క పూసి పూసి డొల్లలా గట్టిచేశారు. లోపల మెత్త, చెవుల మీదికి తోలు రెక్కలు, గడ్డం కింద పట్టీ. పట్టీకి ఇత్తడి కొక్కెం. దాన్ని లోపలికి నొక్కి కిందికి లాగితేనే ఊడుతుంది, ఉత్తగా గుంజితే ఇంకా బిగుసుకుంటుంది.

"ఇన్నేండ్లు దీంట్ల కోడిగుడ్లు దాసిన," అన్నాడు స్వామిదాసు. "ఒక్కటి పలగలే. ఇగ నీ తలకాయ దాసుకో."

ఒంటరిగా కారు తోలేటప్పుడు బాలమల్లు అది పెట్టుకునేవాడు. దొర ఎక్కితే తీసేవాడు.

ఆ రోజు దొర ఎదుటికి టోపీతోనే వచ్చాడు.

దొరకూ ఆయన పెదనాయన కొడుక్కూ ఒక చెరువు కింది భూమి మీద దావా నడుస్తోంది. తెల్లారి పది గంటలకు హైదరాబాదు అదాలతులో పేషీ. అప్పటికే రెండు పేషీలు తప్పాయి. మూడోది తప్పితే భూమి అటు పోతుంది. కామారెడ్డి టేషన్‌లో బండి నాలుగింటికి. గడి ఉన్న ఎల్లారెడ్డి నుంచి ఇరవై నాలుగు మైళ్ళు, కంకర రోడ్డు. దొర తిని పండుకొని లేచేసరికి పావుతక్కువ మూడు.

పొద్దున్నే సాలవ్వ తేల్చి చెప్పింది.

"ఇయ్యాల ఉరికిస్తడు నిన్ను. టోపీ లేకుంట ఎక్కకు."

"ఒప్పుకోడే."

"ఒప్పుకోకుంటె దిగు. పని లేనోనికన్న ఇంత జొన్న గట్క పోస్త. పీనుగకేం పొయ్యాలె?"

గడి వాకిట్లో కారు ఆగి ఉంది. దేవన్న పరుపుచుట్ట, నీళ్ళ చెంబు ఎక్కిస్తున్నాడు. దొర మెట్లు దిగి వచ్చి బాలమల్లు నెత్తి వైపు చూసి ఆగాడు.

"ఏందిరా గది?"

"టోపీ దొరా. దెబ్బ తాకకుంట."

"కుండ బోర్లిచ్చుకున్నట్టున్నది. ముంగట ఎవలున్నరనుకుంటున్నవ్?"

"మీరే ఉన్నరు దొరా. ఊర్లె తీస్త. ఊరు దాటినంక పెట్టుకుంట."

దొర గడియారం తీసి చూశాడు. "తియ్యి. ఊరు దాటినంక నీ పాడు. నడువు ముందు."

ఊరు దాటగానే బాలమల్లు కారు ఆపి టోపీ పెట్టుకున్నాడు. కొక్కెం టక్కుమంది. వెనక, దేవన్నను కాళ్ళ దగ్గర కూర్చోబెట్టుకున్న దొర తన జరీ రుమాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. టాపు లేని కారులో గాలికి అది నిలవదు. గంటకు ముప్పై మైళ్ళ వేగంలో కంకర ఎగిరి చక్రాల మీది రేకులకు కొడుతుంటే లింగంపేట దాటారు. కల్వర్టు వచ్చింది. ఆ రాయి అక్కడే ఉంది. ఎప్పుడూ అక్కడికి రాగానే బాలమల్లు బ్రేకు తొక్కేవాడు. ఈసారి తొక్కలేదు. వేగం తగ్గించకుండా దాటించాడు.

తాడ్వాయి దగ్గర డప్పులు వినబడ్డాయి.

ఆ రోజు తాలూక్దారు సాబు ఊళ్ళు తనిఖీ చేస్తూ దౌరాకు వస్తాడని ఊరికి కబురు. పట్వారీ, మాలీ పటేలు, వంద మంది రైతులు పొద్దటి నుంచి తోవ మీద నిలబడి ఉన్నారు. ఆ సాబును వాళ్ళలో ఎవరూ చూసి ఎరుగరు. మోటారులో వస్తాడని తెలుసు, సర్కారు టోపీ పెట్టుకుంటాడని తెలుసు. మోటారు వచ్చింది. ముందు ఒకడు ఎన్నడూ చూడని టోపీతో ఉన్నాడు. వెనక ఇద్దరు ఉత్త నెత్తులతో ఉన్నారు. నెత్తి మీద ఏమీ లేనివాడు నౌకరు. అది వాళ్ళకు పుట్టినప్పటి నుంచి నేర్పిన పాఠం.

తోవకు అడ్డం వచ్చారు. బాలమల్లు బ్రేకు తొక్కాల్సి వచ్చింది. బంతిపూల దండ అతని మెడలో పడింది.

"నేను కాదే, నేను కాదు," అంటున్నాడు బాలమల్లు. డప్పుల్లో ఎవరికి వినబడుతుంది?

పట్వారీ కారు పక్కకు వచ్చి, దొరను సాబు గుమాస్తా అనుకొని, భుజం మీద తట్టాడు. "పేష్కారు సాబ్, జర అటు జరుగుండ్రి. సాబ్‌కు అర్జీలియ్యాలె."

కమలవ్వ అనే ముసలామె కారు పలక మీదికెక్కి, వంగి బాలమల్లు కాళ్ళు పట్టుకుంది. పట్టుకొని తలెత్తి చూసింది.

"ఏందయ్యా, సాబ్ కాళ్ళకు చెప్పుల్లేవు?"

అప్పుడు ఎవడో దొరను గుర్తుపట్టాడు. డప్పులు ఆగిపోయాయి. నిలబడ్డ వంద మందీ నేల మీద పడ్డారు. పట్వారీ తన చెయ్యి వైపు, దొర భుజం వైపు చూసుకుంటూ ఉండిపోయాడు.

బాలమల్లు కారు కదిలించాడు. ఊరు కనుమరుగైంది. దొర, "ఆపు," అన్నాడు.

ఆపాడు.

"ఆ దండ పారెయ్యి. టోపీ ఇటియ్యి."

"దొరా, దవాఖానల ఏమన్నరో మీకెరికే."

"ఇయ్యి."

బాలమల్లు కొక్కెం నొక్కి పట్టీ ఊడదీసి టోపీ ఇచ్చాడు. దొర దాన్ని ఇటూ అటూ తిప్పి చూసి తన నెత్తికే పెట్టుకున్నాడు. దేవన్న నోరు తెరిచాడు. దొర నీళ్ళ చెంబును ముట్టుకునే హక్కు ఎవడికి లేదో, ఎవడి చేతికి తగలకుండా పైనుంచి నీళ్ళు పోస్తారో, వాడి చెమట పీల్చిన టోపీ దొర నెత్తి మీద ఉంది. దొరకు అది గుర్తు రాలేదు. తనకు రావలసిన మొక్కులు డ్రైవరుకు పోయాయి, ఆయనకు అదొక్కటే గుర్తుంది. పట్టీ బిగించాడు. టక్కుమంది.

"ఇగ పోనియ్యి. ఎవడు మొక్కడో నేను జూస్త."

బాలమల్లు పోనిచ్చాడు, ఎడ్లబండి పోయినట్టు. గుంత వస్తే ఆపి, దించి, ఎక్కించి. గాలికి జుట్టు లేచి ఆ రూపాయంత తోలు బయటపడింది. ఎదురుగా గడ్డి మోపుతో నడుస్తున్న ఒకడు కాసేపు ఆగి చూసి, "కారుకు కాళ్ళు గుంజుతున్నయా ఏంది?" అని మెల్లగా అని, వెనక ఉన్నది దొర అని చూసి మోపు వదిలేసి వంగాడు.

పది నిమిషాల్లో ఒక మైలు. గడియారంలో నాలుగుకు పద్దెనిమిది నిమిషాలు తక్కువ. ఏడు మైళ్ళు మిగిలాయి.

"తొక్కరా."

"తొక్కరాదు దొరా. నెత్తికి ఏం లేదు. ఎగిరి పడితె సస్త."

"నేను తొక్కుమంటున్న."

బాలమల్లు కారు ఆపి ఇంజను బందు చేశాడు. చాలా దూరాన నిజామాబాదు దిక్కు ఆకాశంలో సన్నని పొగ గీత ఉంది. ముగ్గురూ చూశారు.

దొర లేచి నిలబడ్డాడు. చేతికర్ర ఎత్తాడు. వెండి పొన్ను ఉన్న కర్ర. దేవన్న, "దొరా," అన్నాడు.

బాలమల్లు పారిపోలేదు. సీటులోనే వెనక్కి తిరిగి తల వంచి, జుట్టు పక్కకు తీసి చూపించాడు.

"గిక్కడ గొట్టుండ్రి దొరా. గట్టిగ అక్కర లేదు. ఒక్కటి సాలు. కని దేవన్నకు కారు తోలొస్తదేమో ముందు అడుగుండ్రి."

దేవన్న తల అడ్డంగా ఊపాడు. తనను ఎవరూ అడగలేదు.

కర్ర గాలిలో ఉంది. తోలు కొట్టుకుంటోంది. దొర దాన్ని అంత దగ్గర నుంచి ఎన్నడూ చూడలేదు. నెత్తిలో కప్ప గొంతు కొట్టుకున్నట్టుంది. ఆయన కళ్ళు దాని మీది నుంచి పొగ మీదికి, పొగ మీది నుంచి దాని మీదికి పోయాయి.

కర్ర దిగింది. జాలితో దిగిందని ఎవరూ అనుకోవద్దు. బండి వస్తోంది కాబట్టి దిగింది.

"దేవన్నా, ఈ టోపీ తీసి వాని మొఖాన గొట్టు."

దేవన్న పట్టీ గుంజాడు. బిగుసుకుంది. ఇంకోసారి గుంజాడు, దొర దగ్గాడు. దొర తానే రెండు చేతులతో పీకాడు. పట్టీ గొంతులోకి దిగింది, ముఖం నల్లబడింది.

"కోసెయ్యనా దొరా? సురకత్తి ఉన్నది," అన్నాడు దేవన్న.

"కోస్తె పట్టీ లేని టోపీ నాకెందుకు?" అన్నాడు బాలమల్లు. "గాలికి ఎగిరిపోతది. అది లేకుంట నేను తోల."

పొగ లావైంది.

"ఎట్లొస్తదిరా ఇది?" దొర గొంతు పీలగా వచ్చింది.

"నాకొస్తది. ముట్టుకోవాలె మరి."

దొర గడ్డం పైకెత్తాడు.

బాలమల్లు సీటు మీద మోకాళ్ళూని వెనక్కి వంగాడు. నూనె మసి అంటిన వేళ్ళు దొర గొంతు మీద పెట్టాడు. ఆ గొంతు మింగడం వేళ్ళకు తెలిసింది. ఇద్దరి ముఖాల మధ్య జానెడు ఎడం. ఒక్క క్షణం వేళ్ళు అక్కడే ఆగాయి. దేవన్న చెయ్యి చురకత్తి మీద ఉంది. బాలమల్లు కొక్కెం నొక్కి కిందికి లాగాడు. ఊడింది.

టోపీ తన నెత్తికి పెట్టుకొని, పట్టీ బిగించి, ఇంజను తిప్పి, తొక్కాడు.

ఆ ఏడు మైళ్ళు దొర జీవితంలో ఎన్నడూ అంత వేగంగా పోలేదు. కారు గుంతల మీద ఎగిరి పడుతుంటే దేవన్న చెంబును కావలించుకున్నాడు. దొర ఒక చేత్తో తలుపు పట్టుకున్నాడు. రెండో చెయ్యి ఎప్పుడు పోయిందో, కుడి చెవికి నాలుగు వేళ్ళ పైన తన పుర్రెను గట్టిగా ఒత్తి పట్టుకొని ఉంది.

బండి టేషన్‌లో నిలబడి ఉంది. అందింది. పరుపుచుట్ట రైలు పెట్టెలోకి విసిరి, దేవన్న కిటికీ లోంచి తల బయట పెట్టాడు.

"దొర గొంతు మీద చెయ్యేసినవ్‌రా. మూడో దినం మేమొస్తం. నీ సంగతి సూస్కో."

రెండు రోజులు గడిచాయి. గడి మనుషులు ఇద్దరు బాలమల్లు ఇంటి ముందర నిలబడి, లోపలికి చూసి పోయారు. స్వామిదాసు వచ్చి నిజామాబాదు పారిపొమ్మన్నాడు. అక్కడ లారీలున్నాయి, పని దొరుకుతుందన్నాడు.

"ఉరికితె కారు సామాన్లు దొంగిలిచ్చిన్నని కేసు పెడతడు," అన్నాడు బాలమల్లు. "ఉంటె ఏం జేస్తడో సూస్త. ఇంకొక డ్రైవరు దొరికేదాక నా తలకాయ ఆయనకు గావాలె."

సాలవ్వ సూది అందుకుంది. టోపీ లోపలి మెత్త చిరిగిన చోట కుట్టింది.

మూడో రోజు సాయంత్రం బాలమల్లు కారుతో కామారెడ్డి టేషన్ బయట నిలబడ్డాడు. నెత్తి మీద టోపీ, పట్టీ బిగించి ఉంది. బండి వచ్చింది. దేవన్న ముందు వచ్చి, అతన్ని చూసి, నిలబడిపోయాడు. వెనక దొర. పేషీ వచ్చే నెల ఇరవైకి పడింది. మళ్ళీ పోవాలి. ఇదే కారులో.

దొర కారు దగ్గరికి వచ్చాడు. టోపీని చూశాడు. గొంతు కింద పట్టీ కోసుకున్న ఎర్రని గీత ఇంకా మానలేదు. చేతికర్ర చంకలో ఉంది. జట్కావాళ్ళు, కూలీలు చూస్తున్నారు. బాలమల్లు టోపీ కింద తోలు దడదడ కొట్టుకుంటోంది, ఎవరికీ కనబడదు.

దొర ఎక్కి కూర్చున్నాడు. రుమాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నిమ్మలంగ పోనియ్యి," అన్నాడు.

"నిమ్మలంగనె పోత దొరా."

బాలమల్లు క్లచ్చి తొక్కాడు. కింద ఎక్కడో తోలు కిర్రుమంది. దొర ముందుకు వంగి కిందికి చూశాడు. బాలమల్లు కాళ్ళకు చెప్పులున్నాయి.