విప్పని గొట్టం

మా ఆయన పోయాక నేర్చుకున్న అక్షరాలివి. చెయ్యి నెమ్మది, దీర్ఘాలు తప్పుతాయి, సర్దుకుని చదవండి. ఇది మా కోడలి సంగతి, తను చెప్పగా విన్నది.

బొగ్గు నుంచి తీసిన వాయువును నూనెగా మార్చడం కోడలి పని. పెన్సిల్లో ఉండే గ్రాఫైటు పొరల మధ్య ఇనుమును చొప్పించి, ఆ నల్లటి పొడిని ఉక్కు గొట్టంలో కూరి కొలిమిలో పెట్టింది. ఒక కొన నుంచి వాయువు లోపలికి పోయి, ఆ పొడి తగిలి నూనెగా మారుతుంది. రెండో కొనన ఉన్న చల్లటి గాజుబుడ్డిలో నూనె పడాలి. సాయంత్రానికి పడకపోతే కొలిమి ఇంకొకరికి ఇచ్చేస్తామని ప్రయోగశాల పెద్దసారు తేల్చేశారు.

మధ్యాహ్నం ఆయనే అతిథులను వెంటబెట్టుకుని వచ్చారు.

“గొట్టం విప్పమ్మా. వీళ్ళు ఆ పొడి చూస్తారట.”

“గాలి తగిలితే మండిపోతుంది సార్. ఇక పనికిరాదు. పైగా లోపలున్నది విషవాయువు.”

“రెండు నిమిషాలే కదా!”

“కడుపులో బిడ్డ ఎలా ఉందోనని కోసి చూస్తామా సార్?”

అతిథుల్లో ఒకాయన నవ్వబోయి దగ్గాడు. పెద్దసారు ముఖం కందగడ్డయింది. గొట్టం తనే విప్పుదామని గోడ మీది రెంచీ కోసం చెయ్యి చాపారు. మేకు ఖాళీ. రెంచీ బరువుకు కోడలి కోటు జేబు కిందికి వేలాడుతోంది.

“ఇంకోటి తేవయ్యా!” అన్నారు అక్కడే పనిచేస్తున్న ఫిట్టరుతో.

ఫిట్టరు వెళ్ళి తన పనిముట్ల పెట్టె మీద చతికిలబడ్డాడు. “ఉన్నదదొక్కటే సార్.” ఆ కూర్చోవడంలో పెట్టెలోని రెంచీలు గలగలమన్నాయి.

కోడలు ఒక పెన్సిలు తీసి అతిథి చేతిలో పెట్టింది. “గ్రాఫైటంటే ఇదేనండి. గీసి చూడండి, పొరలు పొరలుగా ఊడుతుంది. ఆ పొరల్లోనే మా ఇనుము దాక్కుంది.”

“సాయంత్రం మాట్లాడదాం,” అంటూ పెద్దసారు విసవిసా నడిచారు.

“సాయంత్రమే మాట్లాడదాం సార్.”

తలుపు మూసుకునేదాకా ఆమె కొలిమి ముందు నుంచి కదల్లేదు.

పొద్దు వాలుతుండగా గాజుబుడ్డి గోడకు తెల్లటి మైనం చారలా పట్టింది. దాని కింద ఒక చుక్క జారింది. నూనె!

ఫిట్టరు ఎగిరి గంతేశాడు. “అమ్మా, పెద్దసారును పిలుచుకురానా?”

“వద్దు బాబాయ్. మాట్లాడదామన్నారుగా, ఆయనే వస్తారు.”

కుర్చీ కొలిమి ముందుకు లాక్కుని, రెంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

రాసింది అత్తగారు. అరవై ఎనిమిదేళ్ళు. కొడుకు కోడళ్ళ దగ్గర, వంటింటి పక్క గదిలో ఉంటాను.