పంచె దించరాదు

రెండు నెలల్లో మూడుసార్లు భూషణం పంచె మర బెల్టులో పడింది. మూడుసార్లూ పంచె పోయి మనిషి మిగిలాడు కాబట్టి గుడివాడంతా నవ్వుకుంది. నాకు మాత్రం ఒళ్ళు మండింది. పంచెకీ కాలికీ మధ్య దూరం ఎంతో ఆ నవ్వేవాళ్ళకి తెలియదు.

అది శోభనాద్రి గారి ధాన్యం మర. ఒక పక్క ఆయిలింజను, పైన పొడుగాటి ఇనప షాఫ్టు, దాని మీంచి మూడు యంత్రాలకి మూడు తోలు బెల్టులు. భూషణం నడిమి బెల్టు దగ్గర ఉండేవాడు. అది పక్కకి జారినప్పుడల్లా చెక్క కర్రతో చక్రం మీదికి నెట్టి పట్టుకోవాలి. కర్ర వదిలితే బెల్టు ఎగిరి, దగ్గర్లో ఏ గుడ్డ ఉంటే ఆ గుడ్డని లాక్కుంటుంది. పదిహేడేళ్ళుగా ఆయన పని అదే. మా నాన్న ఈడువాడు, బాబాయ్ అని పిలిచేవాణ్ణి.

మొదటిసారి పంచె పోయినప్పుడు శోభనాద్రి గారు ఇంజనుకి నిమ్మకాయలు కట్టించారు. రెండోసారి గోడ మీద ఎర్ర రంగుతో 'జాగ్రత్త' అని రాయించారు. మరలో చదవడం వచ్చినవాళ్ళం ఇద్దరం. ఒకణ్ణి నేను, రెండోవాడు గుమాస్తా పున్నారావు. పున్నారావు బెల్టుల ఛాయలకే వచ్చేవాడు కాదు. మూడోసారి మాత్రం శోభనాద్రి గారు తేల్చేశారు.

"ఇంకొక్కసారి వాడి పంచె పోతే వాడూ పోతాడు. నా మరలో ప్రాణం పోయిందన్న మాట నాకొద్దు."

యాభై రెండేళ్ళ మనిషిని కొత్తగా పనిలో పెట్టుకునేవాళ్ళు గుడివాడలో లేరు. ఇంట్లో ఆరుగురు ఆ చేతుల మీదే బతుకుతున్నారు.

సరిగ్గా అప్పుడే సర్కారు నుంచి కాగితం వచ్చింది. పనిచేసే చోట భద్రత గురించి మద్రాసులో పదిహేను రోజుల శిక్షణ ఉంది, మరకొక మనిషిని పంపమని. అది అరవై రెండో సంవత్సరం. ఇంగ్లీషు తెలిసినవాడు కావాలి, వాడు లేకపోయినా మర ఆగకూడదు. రెండు విధాలా నేనే తేలాను.

నా పేరు కృపావరం, మరలో బస్తాలు తూచేవాణ్ణి. మాది గూడూరు దగ్గర పల్లె. నాన్న వ్యవసాయ కూలి. బందరులో స్కూలు ఫైనలు చదివి మా పేటలో మొదట ఫ్యాంటు తొడిగింది నేనే. కోపం కొంచెం ఎక్కువ, అది కూడా పేటంతా ఎరుగును.

మద్రాసులో పాఠం చెప్పిన పెద్దమనిషి మొదటి రోజే నన్నొక కుర్చీలో కూర్చోబెట్టి, చెయ్యి అందని చోట పెన్సిలు పెట్టి, లేవకుండా తియ్యమన్నాడు. ఒరిగాను. కుర్చీతో సహా పడ్డాను. అందరూ పగలబడి నవ్వారు.

"తప్పెవరిది?" అని అడిగాడు.

"నాదే సార్."

"పెన్సిలు అక్కడ పెట్టింది నేను కదా?"

పదిహేను రోజుల చదువులో నాకు ఒంటబట్టింది ఆ ఒక్క ముక్కే.

తిరిగి రాగానే బెల్టుకి అందని బట్ట కావాలని, యంత్రాల దగ్గర పనిచేసే తొమ్మిది మంది మగవాళ్ళకీ ఖాకీ నిక్కర్లు కుట్టించమన్నాను. శోభనాద్రి గారు చెయ్యి పెద్దది చేసి పది కుట్టించారు. మర్నాడు తొమ్మిది మందీ నిక్కర్లు వేసుకొచ్చారు. వాటి మీద పంచెలు కట్టుకొచ్చారు.

"ఇదేం పని బాబాయ్?" అన్నాను.

"మరి అయ్యగారొస్తారు గదా అబ్బాయ్," అన్నాడు భూషణం, నాకు బొత్తిగా బుద్ధి లేనట్టు చూసి. "ఆయన ముందు బడిపిల్లాళ్ళలాగా మోకాళ్ళు కనపడేట్టు నిలబడతామా?"

పట్టరాని కోపంతో నోటుబుక్కు తీసుకుని తవుడు బస్తా మీద కూర్చున్నాను. ఏ వేళకి ఏ బెల్టు దగ్గర ఏం జరుగుతుందో రాసుకోవడం కూడా మద్రాసు చదువే. పక్కనే తవుడు జల్లించే మార్తమ్మ ఉంది.

"ఏం చూస్తన్నావయ్యా?"

"బెల్టు ఎప్పుడు కరుస్తుందో చూస్తున్నా పిన్నీ."

"పదింటికి," అంది ఆవిడ, జల్లెడ ఆపకుండా.

"అంత కచ్చితంగా ఎట్లా చెప్తావు?"

"ఈ రెణ్ణెల్లుగా అయ్యగారు లోపలికొచ్చేది పదింటికేగా."

పదయింది. యంత్రాల హోరులో అడుగుల చప్పుడు వినపడదు. శోభనాద్రి గారు భూషణం వెనకనుంచి ఉన్నట్టుండి ప్రత్యక్షమయ్యారు. భూషణం ఉలిక్కిపడ్డాడు. ఒక చెయ్యి కర్ర వదిలి, ఎగ్గట్టిన పంచె దించింది. దించిన పంచె అంచు గాలికి లేచి బెల్టు వైపు తొంగిచూసింది. అదృష్టం కొద్దీ జానెడు దూరంలో ఆగింది.

అప్పుడర్థమైంది నాకు. పెద్ద రైతు కనపడితే కూలివాడు ఎగ్గట్టిన పంచె దించాలి. మా నాన్న వరి కోస్తూ కోస్తూ, గట్టు మీద ఎవరో వెళ్తున్నారని కొడవలి చేత్తోనే పంచె దించాడు. పిక్క మీద ఆ గాటు ఇప్పటికీ ఉంది. ఇన్నేళ్ళూ అది కొడవలి తప్పనుకున్నాను.

అయినా ఆ మాట శోభనాద్రి గారి మొహం మీద చెప్పే ధైర్యం లేకపోయింది. పిల్లి మెడలో గంట కట్టేదెవరు? నేను గంటని గుమ్మానికి కట్టాను. ఆయన వస్తూ అది మోగిస్తే, వీళ్ళు ఉలిక్కిపడకుండా నిదానంగా మర్యాద చేసుకుంటారనుకున్నాను.

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది. గంట మోగగానే తొమ్మిది మందీ చేతిలో పని చేతిలోనే వదిలేసి ఒక్కసారిగా పంచెలు దించారు. మూడు బెల్టులూ ఒకేసారి జారాయి. భూషణం నాలుగో పంచె షాఫ్టుకి చుట్టుకుని జెండాలా తిరిగింది. ఖాకీ నిక్కరు పుణ్యమా అని పరువు దక్కింది గానీ ఉద్యోగం దక్కలేదు.

"శనివారం దాకా ఉండి మానెయ్ రా," అన్నారు శోభనాద్రి గారు. భూషణం చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ఇక ఆగలేక ఆయన గదిలోకి వెళ్ళాను.

"ప్రమాదం ఎక్కడుందో తెలిసిందండీ."

"చెప్పవయ్యా. పదిహేను రోజులు మద్రాసు సాంబారు తాగొచ్చావు."

"పదింటికి వస్తుందండీ. తెల్ల లాల్చీ, జరీ కండువా వేసుకుని..."

ఆయన తన కండువా వంక చూసుకున్నారు. "అంటే, నేనా?"

"మీరు కాదండీ. మీకు చేసే మర్యాదండీ."

"నేనేమన్నా దించమన్నానా వాళ్ళని?"

"లేదండీ. వద్దని కూడా అనలేదండీ."

ఉద్యోగం ఊడిందనే అనుకున్నాను. ఆయన కుర్చీలోంచి లేచారు. అందరినీ వాకిట్లోకి పిలిపించారు.

"ఒరే, ఇకమీదట మరలో నన్ను చూసి ఎవరూ పంచె దించొద్దు. తెలిసిందా?"

"చిత్తం అయ్యా," అంటూ తొమ్మిది మందీ పంచెలు దించారు.

శోభనాద్రి గారు అది గమనించనే లేదు. పుట్టినప్పట్నుంచీ చూస్తున్నది కొత్తగా కంటికి ఆనదు. "చూశావా, ఒప్పుకున్నారు," అన్నారు నాతో.

"రేపు బస్తాల చాటునుంచి చూడండి," అన్నాను.

మర్నాడు తొమ్మిదింటికే ఆయన్ని తీసుకెళ్ళి బస్తాల వెనక కూర్చోబెట్టాను. గంటసేపు మర చక్కగా నడిచింది. భూషణం పంచె మోకాళ్ళ పైన బిగించి, కర్ర మీద రెండు చేతులూ ఉంచి, కీర్తన పాడుకుంటున్నాడు.

"వాడు పాడతాడా?" అని ఆశ్చర్యపోయారు శోభనాద్రి గారు.

"మీరు లేనప్పుడు పాడతాడండీ."

పదయింది. ఆయన లేచి బయటికి వచ్చారు. భూషణం చూశాడు. పాట ఆగింది. కుడిచెయ్యి కర్ర వదిలి పంచె దగ్గరికి వెళ్ళింది. ఈసారి శోభనాద్రి గారు ఆ చేతిని చూశారు.

"కర్ర వదలొద్దురా!" అని అరిచారు.

అయ్యగారు అరిచారని భూషణం రెండో చెయ్యి కూడా వదిలేసి దణ్ణం పెట్టాడు.

బెల్టు లేచింది. పంచె అంచు అందుకుంది. నేను కదిలేలోపలే శోభనాద్రి గారు తన భారీ శరీరంతో దూకి, భూషణాన్ని నడుము దగ్గర పట్టి వెనక్కి లాగారు. ఇద్దరూ మార్తమ్మ తవుడు కుప్పలో వెల్లకిలా పడ్డారు. పంచె ఊడి పైకి పోయింది. దాని వెనకే జరీ కండువా కూడా పోయింది. ఇంజను నడిపే దైవాధీనం అనేవాడు దాన్ని ఆపేలోపల రెండూ పెనవేసుకుని షాఫ్టు మీద నాలుగు చుట్లు తిరిగాయి.

హోరు ఆగింది. శోభనాద్రి గారి మీసాలనిండా తవుడే. ఆయన చేతులు ఇంకా భూషణాన్ని వదల్లేదు.

"నేనంటే నీకు అంత భక్తి ఏంట్రా?" అన్నారు రొప్పుతూ.

భూషణానికి అబద్ధమాడ్డం రాదు.

"భక్తి కాదండయ్యా. అలవాటండి."

మార్తమ్మ జల్లెడ ఆగిపోయింది. శోభనాద్రి గారు నవ్వుతారో కొడతారో మాకు తెలియలేదు. ఆయనకీ తెలిసినట్టు లేదు. చివరికి తవుడు దులుపుకుంటూ లేచి, "శనివారం మానక్కర్లేదు," అనేసి వెళ్ళిపోయారు.

సోమవారం పదింటికి ఆయన ఖాకీ నిక్కరులో వచ్చారు. దర్జీ కొలతకి రెండు టేపులు కలిపాడని ఆయన భార్య రావమ్మ గారు మూడు రోజులు నవ్వారట. గుమ్మం మీద 'లోపల పంచె కట్టరాదు, దించరాదు' అని బోర్డు పెట్టించి, చదవడం రానివాళ్ళ కోసం తన మోకాళ్ళు చూపించారు. ఆయన మోకాళ్ళు చూశాక ఇంకెవరికి సిగ్గు? మధ్యాహ్నానికి తొమ్మిది పంచెలూ వాకిట్లో దండెం మీద వేలాడుతున్నాయి.

మర్నాడు ఆయన రాగానే భూషణం కుడిచెయ్యి కర్ర మీంచి లేచి నడుము దాకా వెళ్ళింది. అక్కడ దించడానికి ఏమీ లేదు. కాసేపు తడుముకుని మళ్ళీ కర్ర మీదికి వచ్చింది. శోభనాద్రి గారు చూసీ చూడనట్టు పక్క యంత్రం దగ్గరికి వెళ్ళారు.

ఆ ఆదివారం మిగిలిన పదో నిక్కరు పట్టుకుని మా ఊరు వెళ్ళాను. నాన్నకి మర సంగతంతా చెప్పాను. పొలంలో ఇక ఇది వేసుకో, ఎవరికీ ఏదీ దించక్కర్లేదు అన్నాను. ఆయన పిక్క మీది గాటు నిమురుకుంటూ అంతా విన్నాడు. నిక్కరుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మంచి గుడ్డరా," అన్నాడు.

మర్నాడు పొద్దున్నే దాన్ని వేసుకుని, మీద పంచె కట్టుకుని, కోతకి వెళ్ళాడు.