రాయిది కాని తప్పు

దివిసీమ ఉప్పెన వచ్చిన మరుసటి ఏడు, దసరాలకు జరిగింది ఇది.

బాలశౌరి విజయవాడలో ఒక కాలేజీ ఫిజిక్సు లాబుకు అటెండరు. లెక్చరరు రామకోటేశ్వరరావు గారు ఏటా సంతకం పెడితేనే ఆ కొలువు నిలుస్తుంది.

ఆ ఏడు ఆయన బెంగుళూరు నుంచి నీలి వెలుగు లేసరు ఒకటి, ఆకుపచ్చ రాయి ఒకటి ఎరువు తెచ్చారు. రాయిలో కంటికానని సూదంటురాళ్లు కోట్లున్నాయట. ఒకటి పైకి చూస్తే పక్కది కిందికి చూస్తుంది. వెలుగు తగిలితే పక్కపక్కనున్న జంట తిరగబడి, ఆ కదలిక అలలా పాకుతుంది. దానికి ఖర్చయిన మేరకు వెలుగు రంగు మారి బయటికొస్తుంది. ఆ రంగును ఫొటో పలక మీద గీతగా పట్టాలని ఆయన తపన. రాయిని గాజు కిటికీ ఉన్న పాత్రలో పెట్టారు. రాయి గడ్డకట్టేంత చల్లగా ఉండాలని, గన్నవరం పశువుల కేంద్రం నుంచి తెచ్చిన ద్రవ నైట్రోజన్ అందులో గంటగంటకూ పొయ్యడం బాలశౌరి పని. కిటికీని మాత్రం ముట్టుకోవద్దన్నారు.

ఆయుధపూజనాడు ఆయన ఊళ్లో లేరు. స్టోరు చూసే పద్మావతమ్మ గారు పసుపు గిన్నె బాలశౌరి చేతికిచ్చింది. తను కిరస్తానీవాణ్ణని నసిగాడు.

"యేసుప్రభువు ఏమీ అనుకోడులే బాలశౌరీ. బొట్టు పెట్టని మిషనే అనుకుంటుంది," అందావిడ.

రేపు మిషను చెడితే వీడే పూజ ఎగ్గొట్టాడంటారు. ఆ భయంతోనే అన్నిటికీ పెట్టాడు. ఆ పాత్రకు చదునైన చోటు కిటికీ ఒక్కటే. పెట్టాక ఆయన వద్దన్న మాట గుర్తొచ్చింది. గబగబా తువాలుతో తుడిచేశాడు.

లెక్చరరు తిరిగొచ్చి, పది గంటలు పలకకు వెలుగు పట్టించారు. కడిగి చూస్తే గీత లేదు, ఎక్కడినుంచో వేరే వెలుగు పడ్డట్టు పలకంతా నలుపే. రెండోదీ అంతే. రాయిలోనే మలినం ఉందని, రేపే అన్నీ తిప్పి పంపేస్తానని చెప్పి తల పట్టుకుని బయటికి వెళ్లారు.

నైట్రోజన్ పొయ్యడానికి బాలశౌరి పాత్ర మీద కప్పిన నల్లగుడ్డ తొలగించాడు. నీలి వెలుగు పడ్డ చోట, కిటికీ మీద తుడిచినా పోని తన వేలి గుర్తు పసుపుపచ్చగా మండుతోంది. పలకను నలుపు చేసింది ఈ వెలుగేనని తెలిసిపోయింది. చెబితే కొలువు పోతుంది, ఇంట్లో తినే నోళ్లు ఐదు. చెప్పకపోతే ఆయన కష్టమంతా పోతుంది. గుణదల మాతను తలుచుకున్నాడు. సాయంత్రం ఆయన ఎదురుపడితే తల వంచుకుని పక్కకు తప్పుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే, ఉతకని ఆ తువాలు తెచ్చి ఆయన టేబుల్ మీద పెట్టాడు.

"అయ్యా, తప్పు రాయిది కాదండి. నాదండి."

ఆయన తువాలును నీలి వెలుగులో పట్టారు. పసుపు మరక అలాగే భగ్గున వెలిగింది. బాలశౌరి గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"దూదీ స్పిరిటూ పట్రావయ్యా," అన్నారు.

కొలువు మాట ఆయన ఎత్తలేదు, ఇతను అడగలేదు. దూది రెండుసార్లు వేళ్లలోంచి జారింది. మూడోసారి కిటికీ తుడిచి, నైట్రోజన్ క్యాను ఎత్తాడు.